మాయ ఎక్కడుందో చూశాకే పుట్టింటి ముహూర్తం

తెలుగిళ్ళలో తొలిచూలు అమ్మాయి పుట్టింటికి ఎప్పుడు వెళ్ళాలన్నది పంచాంగం, అల్లుడి సెలవులు, రైలు టికెట్లు కలిసి తేలుస్తాయి. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, చేతినిండా గాజులు తొడిగి, ఒడిలో చలిమిడి పెట్టి అమ్మగారు వెంట తీసుకెళ్తారు. ఎనిమిదో నెలలో కదిలించకూడదంటారు గనక ఆ నెల దాటేస్తారు. ఇంత పట్టింపుగా రోజు కుదిర్చిన ఇంట్లోనే బీరువాలో ఒక ప్లాస్టిక్ ఫైలు ఉంటుంది. అందులో ఐదో నెలలో తీయించిన టిఫా స్కాన్ రిపోర్టు, ఆ రిపోర్టులో మాయ గర్భసంచిలో ఎక్కడ అతుక్కుని ఉందో చెప్పే ఒక వాక్యం ఉంటాయి. ప్రయాణం ఎప్పుడు, ఎక్కడికి, అసలు పెట్టుకోవాలా వద్దా అన్నది ముందుగా ఆ వాక్యాన్ని బట్టే తేలాలి. దాన్ని ఎవరితోనూ చదివించుకోకుండానే చాలా ఇళ్ళలో టికెట్లు బుక్కవుతున్నాయి.

బిడ్డకు తల్లి నుంచి ఆక్సిజన్, ఆహారం అందించే మాయ సాధారణంగా గర్భసంచి పైభాగాన, ముందు గోడకో వెనక గోడకో అతుక్కుంటుంది. కొందరిలో అది కిందికి, బిడ్డ బయటికి రావాల్సిన ముఖద్వారం దగ్గరికి వస్తుంది. మాయ అంచుకూ ముఖద్వారానికీ మధ్య ఎడం 20 మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే 'లో లైయింగ్ ప్లాసెంటా' అని, ముఖద్వారాన్నే కప్పేస్తే 'ప్లాసెంటా ప్రీవియా' అని రిపోర్టులో రాస్తారు. ఇళ్ళలో రెంటినీ కలిపి 'మాయ కిందికుంది' అంటారు. నెలలు నిండేసరికి సుమారు 200 గర్భాల్లో ఒకదానిలో ప్రీవియా ఉంటుంది. సంఖ్యగా చూస్తే తక్కువే. కానీ ఆ ఒక్క తల్లికీ పెద్దాపరేషన్ దాదాపు రాసిపెట్టినట్టే, ఎక్కువ రక్తస్రావం, ముందస్తు కాన్పు ముప్పూ ఎక్కువే.

భయపడేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఐదో నెల స్కాన్‌లో మాయ కిందికున్నట్టు కనిపించిన గర్భాల్లో పదింట తొమ్మిదింటిలో కాన్పు నాటికి అది పైకి జరిగిపోతుంది. మాయ తనంతట తాను నడిచిపోదు. గర్భసంచి కింది భాగం పెరిగి సాగుతుంటే మాయకూ ముఖద్వారానికీ మధ్య దూరం పెరుగుతుంది. అందుకే బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 32 వారాలకు మరో స్కాన్ తీయాలనీ, అప్పటికీ కిందే ఉంటే 36 వారాలకు ఇంకోటి తీయాలనీ చెబుతుంది. ఆ రెండో స్కాన్ దాకా ఆగకుండా, ఐదో నెలలోనే అమ్మాయిని ఉద్యోగం మాన్పించి, మంచం దిగనివ్వని ఇళ్ళున్నాయి. పూర్తి బెడ్ రెస్టు మాయను పైకి జరపదు. పైగా నెలల తరబడి కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. ఐదో నెలలో రక్తం కనిపించని, అంతా సజావుగా ఉన్న అమ్మాయిని డాక్టరు అనుమతితో పక్క ఊరికి తీసుకెళ్ళడంలో పెద్ద ప్రమాదం లేదు. ఏడో నెల దాటాక, మాయ ఇంకా కిందే ఉందని తేలాక లెక్క పూర్తిగా మారిపోతుంది. తెలుగువారి ఆచారం సరిగ్గా అప్పుడే ఆమెను ప్రయాణం కట్టిస్తుంది.

కుదుపుల లెక్క తప్పు

ఇలాంటి ప్రయాణాల ముందు ఇంట్లో జరిగే చర్చంతా బండి గురించే. బస్సయితే కుదుపులు, కారయితే నడుం నొప్పి, ఏసీ రైలయితే హాయి, విమానమైతే గంటలో పని అయిపోతుంది. డ్రైవరుకు స్పీడు బ్రేకర్ల దగ్గర మెల్లగా పొమ్మని పదిసార్లు చెబుతారు. ప్రీవియాలో రక్తస్రావం ఎందుకు వస్తుందో తెలిస్తే ఈ చర్చలో సగం అనవసరమని అర్థమవుతుంది. చివరి మూడు నెలల్లో గర్భసంచి కింది భాగం సాగి పల్చబడుతుంది, ముఖద్వారం కాన్పుకు సిద్ధమవుతూ మెత్తబడుతుంది. గోడ సాగుతుంది, దానికి అంటుకున్న మాయ సాగదు. అతుకు కొంత ఊడుతుంది, రక్తనాళాలు తెరుచుకుంటాయి. నొప్పి ఉండదు. ఎర్రటి రక్తం ఒక్కసారిగా కనిపిస్తుంది. ఇంట్లో నిద్రపోతుండగా కూడా అలా మొదలవుతుంది. మెత్తటి సీటు నడుముకు సుఖమే గానీ ఈ రక్తాన్ని ఆపలేదు.

రక్తం మొదలయ్యాక ఎంత సమయం ఉంటుంది? నెలలు నిండే సమయంలో గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుంది. మొదటిసారి వచ్చే రక్తస్రావం చాలామందిలో కొద్దిగా వచ్చి దానంతట అదే ఆగిపోతుంది. అదే పెద్ద మోసం, ఎందుకంటే తర్వాత వచ్చేది ఎంత ఉంటుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. అత్యవసర ప్రసూతి సేవల మీద ఐక్యరాజ్యసమితి సంస్థలు 2009లో వెలువరించిన మార్గదర్శక గ్రంథం ఒక లెక్క ఇస్తుంది. చికిత్స అందకపోతే, కాన్పుకు ముందు మొదలైన రక్తస్రావం సగటున 12 గంటల్లో తల్లి ప్రాణం తీస్తుంది. కాన్పు తర్వాతి రక్తస్రావానికి ఆ గడువు 2 గంటలే. ఇది సగటు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఒంట్లో ముందే రక్తం తక్కువున్న తల్లికి ఈ గడువు ఇంకా కురచ.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న బండి గురించి కాదు. ఈ దారిలో ఎక్కడైనా రక్తం కనిపిస్తే, రక్తం ఎక్కించి, మత్తిచ్చి, ఆపరేషన్ చేసి, నెల తక్కువ బిడ్డను చూసుకోగలిగిన ఆస్పత్రికి ఎన్ని నిమిషాల్లో చేరతామన్నదే అసలు ప్రశ్న. ఈ కొలతతో చూస్తే తెలుగు నేల పటం వేరేగా కనిపిస్తుంది. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్-విశాఖపట్నం వందే భారత్ దాదాపు 700 కిలోమీటర్లను ఎనిమిదిన్నర గంటల్లో దాటుతుంది. దారిలో వరంగల్, ఖమ్మం, విజయవాడ, రాజమహేంద్రవరం తగులుతాయి, అన్ని చోట్లా పెద్ద ప్రభుత్వాసుపత్రులున్నాయి. అయినా కొన్ని చోట్ల రెండు స్టేషన్ల మధ్య రైలు ఆగని సమయం గంటకు మించే ఉంటుంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం దానిలో మూడో వంతు దూరం కూడా ఉండదు. మొక్కు తీర్చుకుని సాయంత్రానికి వచ్చేద్దామనుకునే కుటుంబాలు ఎన్నో. కానీ మన్ననూరు దాటాక నల్లమలలో పెద్దాపరేషన్ చేయగల ఆస్పత్రి తగలదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాల రాకపోకలు ఆపుతారు. మాయ కిందికున్న తల్లికి వైజాగ్ రైలు కన్నా శ్రీశైలం ఘాటే దూరప్రయాణం.

బెల్‌ఫాస్ట్ నేర్పిన పాఠం

ఆస్పత్రికి ఎంత దగ్గరగా ఉన్నామన్నదే ముఖ్యమన్న ఈ మాటకు ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో చార్లెస్ మకాఫీ అనే ప్రసూతి వైద్యుడు 1945లో 174 మంది ప్రీవియా తల్లుల వివరాలతో ఒక వ్యాసం ప్రచురించాడు. అప్పటిదాకా రక్తం కనిపించగానే నెలలతో పని లేకుండా కాన్పు చేసేసేవారు. తల్లి బతికినా నెలలు నిండని బిడ్డ దక్కేది కాదు. సగానికి పైగా బిడ్డలు పోయేవారు. మకాఫీ పద్ధతి చెప్పడానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. మొదటి రక్తం సాధారణంగా ప్రాణాంతకం కాదు గనక, తల్లిని ఆస్పత్రిలోనే ఉంచి, రక్తం సిద్ధంగా పెట్టుకుని, లోపలి పరీక్షలు చేయకుండా వీలైనన్ని వారాలు ఆగాలి. ఆ 174 మందిలో చనిపోయిన తల్లి ఒక్కరే. బిడ్డల మరణాలు 23 శాతానికి తగ్గాయి. ఆయన చేతిలో కొత్త మందేమీ లేదు. తల్లి ఆపరేషన్ థియేటరుకు దగ్గరగా ఉండటమే ఆయన చేసిన చికిత్స.

అయితే ప్రతి తల్లినీ నెలల తరబడి ఆస్పత్రిలోనే ఉంచాలా అన్న ప్రశ్న తర్వాత వచ్చింది. 1996లో లాస్ ఏంజెలిస్ వైద్యులు ఒకసారి రక్తస్రావమై తగ్గిన 53 మంది ప్రీవియా తల్లులను రెండు జట్లు చేసి, ఒక జట్టును ఆస్పత్రిలో ఉంచారు, మరో జట్టును ఇంటికి పంపారు. తల్లీబిడ్డల క్షేమంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంటి దగ్గర ఉండటం సురక్షితమేనని దీనివల్ల ధైర్యం వచ్చింది. అయితే ఆ ధైర్యానికి షరతులున్నాయి. బ్రిటన్ రాయల్ కాలేజీ వాటిని స్పష్టంగా రాసింది. ఇల్లు ఆస్పత్రికి దగ్గరగా ఉండాలి. ఎవరో ఒకరు ఎప్పుడూ తోడుండాలి. ముప్పు ఏమిటో తల్లికి వివరంగా చెప్పి ఉండాలి. రాత్రి పన్నెండింటికి కూపేలో పై బెర్తు మీద భర్త, కింది బెర్తు మీద ఆమె ఉన్న ప్రయాణంలో తోడు ఉంది గానీ మొదటి షరతు ఎగిరిపోయింది.

తల్లుల మరణాలకు దారితీసే మూడు జాప్యాల గురించి సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ 1994లో రాసిన విశ్లేషణ ప్రజారోగ్య పాఠాల్లో నేటికీ మొదటి పేజీ. ఆస్పత్రికి వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో జాప్యం, చేరుకోవడంలో జాప్యం, చేరాక చికిత్స అందడంలో జాప్యం. ప్రయాణంలో ఉన్న గర్భిణికి ఈ మూడూ ఒకేసారి ఎదురవుతాయి. ఇంకో రెండు గంటల్లో ఊరు చేరతాం కదా, అమ్మ వాళ్ళ డాక్టరుకే చూపిద్దాం అనుకోవడం మొదటిది. మధ్యలో దిగితే ఏ ఆస్పత్రికి వెళ్ళాలో తెలియకపోవడం రెండోది. బ్లడ్ గ్రూపు ఏమిటి, మాయ ఎక్కడుంది, పాత ఆపరేషన్ ఉందా అని కొత్త డాక్టరు మొదటి నుంచి అడగాల్సి రావడం మూడోది. తెలుగు నేలకు మొదటిదాన్ని తప్పిస్తే మిగతావాటిని తగ్గించే సాధనాలు లేకపోలేదు. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మొదలైంది ఇక్కడే. రైల్లో అయితే టీటీఈకి చెప్పినా, 139కి ఫోన్ చేసినా ముందు స్టేషనుకు కబురు వెళ్తుంది. కానీ ఫోన్ చేయాల్సింది మొదటి చుక్క కనిపించినప్పుడే. గమ్యం దగ్గరపడ్డాక కాదు.

విమానం అడిగేది వారాలే

విమాన ప్రయాణం మీద అపోహలు రెండు వైపులా ఉన్నాయి. విమానం ఎక్కితే బిడ్డకు ఆక్సిజన్ అందదని కొందరి భయం. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. కడుపులో బిడ్డ రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకునే రకం గనక మామూలు గర్భానికి దీనివల్ల ఇబ్బంది రాదు. ఏ చిక్కూ లేని గర్భిణి అప్పుడప్పుడూ విమానం ఎక్కడం సురక్షితమేనని అమెరికా ప్రసూతి వైద్యుల కాలేజీ 2018లో చెప్పింది. అదే ప్రకటనలో, ప్రయాణం వల్ల ముదిరే సమస్యలున్నవారూ, అత్యవసర చికిత్స అవసరం పడే అవకాశం ఉన్నవారూ ఎక్కవద్దని కూడా చెప్పింది. వాట్సాప్‌లో తిరిగేది మొదటి సగమే.

దేశీయ విమాన సంస్థలు సాధారణంగా 32 వారాలు దాటిన గర్భిణిని డాక్టరు సర్టిఫికెట్ అడుగుతాయి, 36 దాటాక ఎక్కించుకోవు. సంస్థను బట్టి చిన్న తేడాలుంటాయి. ఈ నిబంధన ప్రధానంగా చూసేది నడి ఆకాశంలో నొప్పులు మొదలయ్యే అవకాశాన్ని. ప్రీవియా ఉన్న తల్లికి ముప్పు 28 వారాలకే మొదలుకావచ్చు, అప్పటికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. కౌంటరు దగ్గర ఎవరూ ఆపలేదు కాబట్టి ప్రయాణం క్షేమమేనని కుటుంబం అనుకుంటుంది. ఐదు విమానయాన సంస్థల ప్రయాణికుల మీద 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం 11,920 వైద్య అత్యవసరాలను లెక్కించింది. సగటున 604 విమానాలకు ఒకటి. వాటిలో గర్భిణులకు, స్త్రీల ఆరోగ్యానికి సంబంధించినవి అర శాతమే. విమానం వల్ల రక్తస్రావం వస్తుందని దీన్ని బట్టి చెప్పలేం. వస్తే మాత్రం అక్కడ రక్తం ఉండదు, థియేటరు ఉండదు, కిందికి దిగడానికి పైలట్ అనుమతి తప్ప వేరే దారి ఉండదు. హైదరాబాద్ నుంచి విజయవాడకు గంట ఎగరడమూ, గల్ఫ్ దాటి అమెరికాకు పదిహేను గంటలు ఎగరడమూ ఈ లెక్కలో ఒకటి కావు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు జంటలకు ఇది తరచూ తీసుకోవాల్సిన నిర్ణయం. మొదటి కాన్పుకు అమ్మమ్మ, తాతయ్య అక్కడికి వెళ్ళడం ఈ పాతికేళ్ళలో మామూలైపోయింది. ప్రీవియా ఉన్నప్పుడు అదే సరైన పద్ధతి కూడా. అయితే ఏడో నెలలో సీమంతం కోసమో, చెల్లెలి పెళ్ళి కోసమో వచ్చి వెళ్ళాలనుకునేవారూ ఉన్నారు. వచ్చాక రక్తం కనిపిస్తే తిరిగి విమానం ఎక్కడం కుదరదు, కాన్పు ఇక్కడే అవుతుంది, బిడ్డకు పాస్‌పోర్టు దాకా ప్రతిదీ మొదటి నుంచి చూసుకోవాలి. ప్రయాణ బీమా పాలసీలు చాలావాటిలో గర్భానికి సంబంధించిన ఖర్చులు మినహాయింపుల జాబితాలో ఉంటాయి. టికెట్ కొనే ముందు ఆ పేజీ చదవాలి.

రెండో కాన్పు లెక్క వేరు

ఇక్కడిదాకా చెప్పింది తొలిచూలు గురించి. తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకంగా పట్టిన సమస్య రెండో కాన్పులో ఉంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం పెద్దాపరేషన్లే. దేశం మొత్తానికి ఆ సంఖ్య 21.5. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5. అంటే రెండోసారి గర్భం దాల్చిన తెలుగు తల్లుల్లో చాలామంది గర్భసంచి మీద పాత కుట్టు ఉంది. మాయ కిందికి వచ్చి ఆ కుట్టు మీదే అతుక్కుంటే, గోడలోకి వేళ్ళు దించినట్టు దిగబడిపోయే ప్రమాదం ఉంది. దీన్ని ప్లాసెంటా అక్రీటా అంటారు. బిడ్డను తీశాక మాయ ఊడి రాదు. ఊడదీయబోతే లీటర్ల కొద్దీ రక్తం పోతుంది. చాలాసార్లు గర్భసంచినే తీసేయాల్సి వస్తుంది.

అమెరికాలో 2006లో వెలువడిన పెద్ద అధ్యయనం ఈ ముప్పును అంకెల్లో చూపింది. ప్రీవియా ఉన్న తల్లికి జరగబోయేది మొదటి సిజేరియన్ అయితే అక్రీటా అవకాశం 3 శాతం. రెండోదైతే 11. మూడోదైతే 40. మొదటి ఆపరేషన్ 'నొప్పులు లేకుండా, మంచి ముహూర్తానికి' చేయించుకున్నప్పుడు ఈ అంకెలు ఎవరూ చెప్పరు. అవి బయటపడేది మూడేళ్ళ తర్వాత, రెండో బిడ్డ టిఫా స్కాన్‌లో.

ఇలాంటి తల్లి విషయంలో ప్రయాణం ఎప్పుడన్నదాని కన్నా ఎటువైపన్నది ముఖ్యం. మొదటి కాన్పు చేసిన పుట్టింటి ఊరి నర్సింగ్ హోం బాగానే చూసుకుని ఉండవచ్చు. కానీ అక్రీటాకు కావాల్సింది బ్లడ్ బ్యాంకు, అనుభవమున్న మత్తు డాక్టరు, మూత్రాశయానికి దెబ్బ తగిలితే చూసే సర్జన్, నెల తక్కువ బిడ్డకు ఐసీయూ. ఆ ఆపరేషన్‌ను సాధారణంగా 34 నుంచి 36 వారాల మధ్య, నొప్పులు రాకముందే చేస్తారు. తొమ్మిదో నెల సీమంతం దాకా ఆగే వ్యవధి అక్కడ లేదు. హైదరాబాద్ పేట్లబుర్జు, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రులున్న ఊళ్ళ నుంచి చిన్న ఊళ్ళకు వెళ్ళే ఈ ప్రయాణం దిశే తప్పు. వెళ్ళాల్సి వస్తే చిన్న ఊరి నుంచి పెద్దాసుపత్రి వైపు, అదీ రక్తం కనిపించకముందే వెళ్ళాలి.

మాయకు సంబంధించిన మరో రెండు చిక్కుల గురించీ ఇంట్లో తెలియాలి. వాసా ప్రీవియాలో బిడ్డ రక్తనాళాలే ముఖద్వారం మీదుగా పోతాయి. ఉమ్మనీటి సంచి పగిలితే పోయేది బిడ్డ రక్తం, అది ఉండేదే కొద్దిగా. ముందే స్కాన్‌లో కనిపెట్టిన గర్భాల్లో 97 శాతం బిడ్డలు దక్కగా, కనిపెట్టని వాటిలో 44 శాతమే దక్కారని 2004లో 155 కేసుల పరిశీలన చెప్పింది. ఇది ఉందని తేలిన తల్లి చివరి నెలల్లో ఆస్పత్రి పక్కనో ఆస్పత్రిలోనో ఉండాల్సిందే. రెండోది, మాయ సరైన చోటే ఉన్నా కాన్పుకు ముందే ఊడిపోవడం. అధిక రక్తపోటు దీనికి పెద్ద కారణం, ప్రమాదాల్లో తగిలే దెబ్బ మరో కారణం. ఇక్కడ మాత్రం బండి విషయం పట్టించుకోవాల్సిందే. ఏడో నెల గర్భిణిని బైకు మీద ఒకవైపు కూర్చోబెట్టి తీసుకెళ్ళడం ప్రతి ఊళ్ళోనూ కనిపించే దృశ్యం. కారులో వెనక సీటు బెల్టు సీటు కవరు కింద దాక్కుని ఉంటుంది. బెల్టు కడుపును నొక్కుతుందని పెట్టుకోరు. కింది పట్టీ పొట్ట కిందుగా, తుంటి ఎముకల మీదుగా, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పోయేలా పెట్టుకుంటే తల్లీబిడ్డలిద్దరికీ రక్షణ. చిన్న దెబ్బ తగిలినా, పైకి గాయం లేకపోయినా, ఆస్పత్రిలో కనీసం కొన్ని గంటలు బిడ్డ గుండె చప్పుడు చూడాలి. పొట్ట రాయిలా గట్టిపడి నొప్పి పెడుతుంటే రక్తం బయటికి కనిపించకపోయినా మాయ వెనక చేరుతుండవచ్చు.

అమ్మే కూతురి దగ్గరికి రావచ్చు

పుట్టింటి ప్రయాణాన్ని మూఢాచారమని కొట్టిపారేయడం తేలిక, కానీ అది అన్యాయం. అత్తవారింట చివరి రోజు దాకా వంటింట్లోనే నిలబడే కోడళ్ళకు అది దొరికే ఒకే ఒక్క విశ్రాంతి. నూనె రాసి నీళ్ళు పోసే చేతులు, అడక్కుండానే తెచ్చిపెట్టే అన్నం, బిడ్డ ఏడిస్తే లేచే అమ్మ. ఇది ఒక్క తెలుగువాళ్ళకే పరిమితం కాదు. జపాన్‌లోనూ కాన్పుకు పుట్టింటికి వెళ్ళే ఆచారం బలంగా ఉంది. అక్కడ గర్భిణి చేతిలో ఎప్పుడూ తల్లీబిడ్డ పుస్తకం ఉంటుంది. 1942లో గర్భిణుల కోసం మొదలై, 1948లో తల్లీబిడ్డల ఉమ్మడి పుస్తకంగా మారిన అది, పరీక్షల వివరాలన్నీ ఒక్కచోట చూపిస్తుంది. ఆచారం అక్కడా ఉంది, దాని వెంట కాగితమూ ప్రయాణిస్తుంది.

ఆచారం సారం అమ్మ దగ్గరుండటమే అయితే, అమ్మే రావచ్చు. కూతురు చూపించుకుంటున్న ఆస్పత్రికి దగ్గర్లో నెలన్నర ఒక గది అద్దెకు తీసుకుని అక్కడే పథ్యం వండిపెట్టవచ్చు. సీమంతానికి ఫంక్షన్ హాలు, ఫొటోగ్రాఫర్ మాట్లాడుకునే కుటుంబాలకు ఇది మోయలేని ఖర్చేమీ కాదు. లేదంటే పుట్టింటి ఊళ్ళో మంచి ఆస్పత్రి ఉన్నప్పుడు, చివరి మూడు నెలలు మొదలవకముందే అక్కడికి మారి, అక్కడి డాక్టరు దగ్గరే స్కాన్లన్నీ చేయించుకోవచ్చు.

ఆ స్థోమత లేనివాళ్ళ మాటేమిటి? జవాబు మన్యంలోనే ఉంది. రోడ్డు లేని గిరిజన గూడేల నుంచి గర్భిణులను డోలీ కట్టి మోసుకొచ్చే వార్తలు ప్రతి వర్షాకాలం వస్తూనే ఉన్నాయి. ఆ దుస్థితికి విరుగుడుగా సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణులకు వసతి గృహం పెట్టి, కాన్పుకు ముందు వారాల్లోనే తీసుకొచ్చి ఉంచారు. క్యూబా 1962లోనే ఇలాంటి ప్రసూతి నివాసాలు మొదలుపెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వైద్యం అందని ప్రాంతాలకు వీటిని సిఫారసు చేస్తోంది. తల్లిని ఆస్పత్రి పక్కకు ముందే చేర్చే ఈ ఏర్పాటు కొండ ప్రాంతాలకే ఎందుకు ఆగిపోవాలి? మాయ కిందికున్న మైదాన ప్రాంతపు పేద తల్లికీ జిల్లా ఆస్పత్రి ఆవరణలో చివరి నెల ఒక మంచం, పక్కన అమ్మకు ఒక చాప ఉండాలి.

తెలుగు రాష్ట్రాలు మాతృ మరణాలు తగ్గించడంలో వెనకబడి లేవు. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది తల్లులు చనిపోతుండగా తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. మిగిలిన ఆ మరణాలను తగ్గించాలంటే ఆస్పత్రి కాన్పుల శాతం పెంచడం ఒక్కటే చాలదు, ముప్పు ముందే తెలిసిన తల్లిని ముందే కదిలించాలి. మకాఫీ కాలంలో స్కాన్ లేదు. రక్తం కనిపించాకే మాయ కిందికుందని తెలిసేది. ఇప్పుడు ఐదో నెలలోనే తెలుస్తోంది. ఈ వ్యవధిని వృథా చేస్తున్నది కుటుంబాలు మాత్రమే కాదు. 'ప్రయాణం చేయొచ్చా డాక్టరు గారూ' అని అడిగితే 'జాగ్రత్తగా వెళ్ళండి' అని తేల్చేసే వైద్యులకూ ఇందులో వాటా ఉంది. జాగ్రత్త అంటే దిండు పెట్టుకోవడమని కుటుంబం అనుకుంటుంది. ఎన్ని నిమిషాల దూరంలో ఏ ఆస్పత్రి ఉండాలి, ఏ వారం తర్వాత ఊరు దాటకూడదు, రక్తం కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి, లోపలి పరీక్ష చేయనివ్వకూడదన్న సంగతి, నెగెటివ్ గ్రూపు అయితే రక్తం కనిపించిన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమన్న మాట. ఈ ఐదూ చీటీ మీద తెలుగులో రాసివ్వడానికి రెండు నిమిషాలు చాలు.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. 2016 నుంచి నడుస్తున్న ఈ కార్యక్రమంలో ముప్పున్న గర్భిణి కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటిస్తారు. ఆ స్టిక్కరు పక్కన మాయ స్థానం, రెండో స్కాన్ తేదీ, వెళ్ళాల్సిన ఆస్పత్రి పేరు రాసే మూడు గళ్ళు అచ్చు వేయించవచ్చు. స్కాన్ సెంటర్లు అదే సమాచారాన్ని టిఫా రిపోర్టు చివర తెలుగులో ఇవ్వాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఆదేశించవచ్చు. విమాన సంస్థల ఫారంలో వారాల కింద 'మాయ కిందికుందా, రక్తస్రావం జరిగిందా' అన్న గడి చేర్చమని పౌర విమానయాన శాఖను కోరవచ్చు. ఆశా కార్యకర్తకు ఇచ్చే శిక్షణలో, సీమంతం కబురు వినగానే ఆ కార్డు తెరిచి చూడటం ఒక పనిగా చేర్చాలి. మిగతావాటికి ఉత్తర్వులు కావాలేమో గానీ, చేత్తో రాసిచ్చే ఆ తెలుగు చీటీని వచ్చే 9వ తేదీ శిబిరం నుంచే మొదలుపెట్టవచ్చు.